పీహెచ్‌డీ సెక్షన్ మేడమ్‌కి ఉంగరం పెట్టొచ్చా?

మీరు అడిగింది మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. థీసిస్ (పరిశోధన గ్రంథం) ఇచ్చేశారు, వచ్చే నెలలో వైవా, అంటే పరీక్షకుల ముందు మౌఖిక పరీక్ష. ఈ ఐదున్నరేళ్ళలో పీహెచ్‌డీ సెక్షన్ సూపరింటెండెంట్ మేడమ్ మీకూ మీ తోటి స్కాలర్లకూ కొండంత అండగా నిలబడ్డారు. ఆవిడ ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు. మీరు పద్నాలుగు మంది తలా రెండు వేలు వేసుకుని ఆవిడకి ఉంగరం చేయిద్దామనుకుంటున్నారు. ఇది తప్పా, తప్పయితే ఇంకేం చేయాలి అని మీ ప్రశ్న.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, డిప్యూటీ రిజిస్ట్రార్‌గా రిటైరయ్యాను. మధ్యలో తొమ్మిదేళ్ళు పీహెచ్‌డీ సెక్షన్ కుర్చీ నాదే. మా ఇంట్లో బీరువా మీద పదిహేడు శాలువాలున్నాయి. చలికాలంలో కప్పుకుందామంటే ఒక్కటీ పనికిరాదు, అన్నీ జరీవే. అంచేత బల్లకి అవతల కూర్చున్న మనిషి వైపు నుంచి నేను సమాధానం చెప్పగలను.

ఉంగరం వద్దమ్మా. వైవా అయ్యేలోపు అసలే వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు ఇంకో సంగతి ఉంది.

"ఆవిడ లేకపోతే నా పీహెచ్‌డీ అయ్యేది కాదు" అని రాశారు. ఈ మాట నాతోనూ చాలామంది అన్నారు. "నేనేం చేశానమ్మా?" అని అడిగితే "అన్నీ మీరే చేశారు సార్" అనేవాళ్ళు. ఫలానాది చేశారని ఒక్కటైనా చెప్పగలిగినవాళ్ళు తక్కువ. అందులో వాళ్ళ తప్పేం లేదు. కౌంటరు ముందు నిలబడినవాళ్ళకి కనిపించేది స్టాంపు పడటం ఒక్కటే. కానీ పొగడ్త పనికిరావాలంటే ఆవిడ చేసిందేమిటో మీకు వివరంగా తెలియాలి. నేను చేసిన పనిలోంచే కొంత చెప్తాను, మీ మేడమ్ బల్ల మీదా ఇవే ఉంటాయి.

మీ మేడమ్ బీరువాలో ఒకే రకం ఫైళ్ళు ఉండవు. పీహెచ్‌డీ మీద యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) నిబంధనలు 2009లో ఒకసారి, 2016లో ఒకసారి, మళ్ళీ 2022 నవంబరులో వచ్చాయి. ఎవరు ఎప్పుడు రిజిస్టరయ్యారో వాళ్ళకి అప్పటి నిబంధనలే వర్తిస్తాయి. ఐదున్నరేళ్ళ కిందట చేరారు కాబట్టి మీరు 2016 కిందికి వస్తారు. అంటే థీసిస్ ఇచ్చేముందు రిఫరీడ్ జర్నల్లో (నిపుణులు చూసి ఒప్పుకున్నాకే అచ్చువేసే పత్రికలో) ఒక పేపరు, రెండు సదస్సుల్లో పత్రాలు చూపించి ఉండాలి. 2022 తర్వాత చేరిన మీ జూనియర్‌కి యూజీసీ వైపు నుంచి ఆ తప్పనిసరి లేదు. ఇద్దరూ హాస్టల్లో ఒకే గదిలో ఉంటారు, ఒకరు చెప్పింది విని ఇంకొకరు ఫైలు పెడతారు. అది తప్పని చెప్పి వెనక్కి పంపడం తేలిక. కవరు తెరిచి, రిజిస్ట్రేషన్ తేదీ చూసి, "నీకు ఇది వర్తించదు బాబూ, ఆ కాగితం తీసెయ్, ఈ కాగితం పెట్టు" అని చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. అలాంటి ఫైళ్ళు రోజుకి పాతిక వస్తాయి.

గడువుల లెక్క అంతకన్నా పెద్దది. మామూలుగా ఆరేళ్ళు. మహిళలకీ, నలభై శాతం దాటి వైకల్యం ఉన్నవాళ్ళకీ ఇంకో రెండేళ్ళ సడలింపు. స్కాలర్‌గా ఉన్న మొత్తం కాలంలో ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు. ఇవన్నీ రాతలో ఉన్నాయి. కానీ ఏ స్కాలరూ నిబంధనల పుస్తకం చదవరు (నేను పీహెచ్‌డీ చేసి ఉంటే నేనూ చదివేవాణ్ణి కాదు). ఒకసారి శనివారం మధ్యాహ్నం రిజిస్టరు తిరగేస్తుంటే ఒకమ్మాయి పేరు కనపడింది. నాలుగో ఏడు కాన్పుకి పుట్టింటికి వెళ్ళి, ఆ తర్వాత ఉత్తరం లేదు, ఫోను లేదు. ఇంకో పంతొమ్మిది రోజుల్లో ఆరేళ్ళు నిండుతాయి. రిజిస్ట్రేషన్ రద్దు చేయాల్సినవాళ్ళ జాబితాలో అప్పటికే ఆ పేరు టైపయి ఉంది. అడ్మిషన్ ఫారం మీద ఉన్న వాళ్ళ నాన్నగారి నంబరుకి ఫోన్ చేసి, సడలింపు ఉందనీ, దరఖాస్తు పెట్టకపోతే రాదనీ చెప్పాను. ఆ అమ్మాయి పెట్టింది, థీసిసూ ఇచ్చింది. ఆ జాబితా సంగతి తనకి ఇప్పటికీ తెలియదు. మీ పద్నాలుగు మందిలోనూ ఇలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు, వాళ్ళకీ తెలిసి ఉండదు.

ఇక ఫెలోషిప్. మీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్ళుంటే వాళ్ళకి నెలకి 37,000, దాని పై మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) అయితే 42,000 వస్తుంది. 2023 జనవరి 1 నుంచి ఇవీ రేట్లు. ఆ డబ్బు ఢిల్లీ నుంచి దానంతట అదే రాదు. యూజీసీ తరఫున కెనరా బ్యాంకు నడిపే పోర్టల్లో, ఈ స్కాలరు ఈ నెల పనిచేశారు అని విశ్వవిద్యాలయం ప్రతి నెలా ధ్రువీకరించాలి. సెక్షన్‌లో ఒకరు "మేకర్"గా ఎంట్రీ వేస్తారు, పై అధికారి "చెకర్"గా ఓకే చేస్తారు. నెలాఖరున సర్వరు మొరాయిస్తుంది, చెకర్‌గారు క్యాంపులో ఉంటారు, స్కాలరు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కాగితం ఇవ్వరు. ఆ ఎంట్రీ పడకపోతే ఆ నెల డబ్బు పడదు. హాస్టల్ మెస్సు బిల్లు ఆగదు కదా. రెండేళ్ళు నిండగానే కమిటీ పెట్టించి జేఆర్‌ఎఫ్‌ని ఎస్‌ఆర్‌ఎఫ్ చేయించే కాగితాలూ ఆ బల్ల మీదే. మీ ఖాతాలో నెలనెలా మెసేజ్ మోగిందంటే అక్కడ ఒక మనిషి రాత్రి ఏడింటి దాకా కూర్చుని ఉంటారు.

మీ గైడుగారు మధ్యలో రిటైరైతే మిమ్మల్ని ఎవరి కింద పెట్టాలి, పాత గైడు కో-గైడుగా ఉండొచ్చా, ఉంటే ఎన్నేళ్ళ వయసు దాకా, కొత్తాయన దగ్గర ఖాళీ ఉందా (ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు, అంతే), ఇదంతా లెక్క చూసేది కూడా ఆవిడే. చివరిది, అన్నిటికన్నా కష్టమైనది, మూల్యాంకనం. థీసిస్ ఇచ్చిన రోజు నుంచి వైవా ఫలితం దాకా ఆరు నెలల్లో ముగించాలని యూజీసీ మాట. బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు. వాళ్ళకి ఉత్తరం, ఒప్పుకుంటే థీసిస్, నెల తర్వాత రిమైండరు, ఆ తర్వాత ఇంకో రిమైండరు. పరీక్షకులెవరో ఆవిడకి తెలుసు. మీరు ఎన్నిసార్లు అడిగినా చెప్పరు. నేను చెప్పలేదని మొహం మాడ్చుకుని వెళ్ళినవాళ్ళు ఎందరో. పేరు బయటికొస్తే మొత్తం మూల్యాంకనం మొదటికొస్తుందని వాళ్ళకి తట్టదు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. పద్నాలుగు మందీ ఒక సాయంత్రం కూర్చోండి. ఒక్కొక్కరూ మేడమ్ తమకి చేసింది ఒకటి, నెలా సంవత్సరంతో సహా రాయండి. "ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడతారు" లాంటివి పక్కన పెట్టండి. అవి నిజమే, కానీ ఫైల్లో పనికిరావు. 2021లో కరోనా సెకండ్ వేవ్ అప్పుడు సెక్షన్ మూసి ఉన్నా గడువు పొడిగింపు సర్క్యులర్ని ఫోన్లు చేసి చెప్పారా? కోర్సువర్కు మార్కులు తప్పు పడితే పరీక్షల విభాగం చుట్టూ తిరిగి దిద్దించారా? అలాంటివి రాయండి. అందులోంచి గట్టివి నాలుగైదు ఏరి ఒక పేజీ ఉత్తరం చేయండి. రెండో పేజీకి వెళ్ళొద్దు. రిజిస్ట్రార్లు రెండో పేజీ చదవరు, అనుభవం మీద చెప్తున్నాను.

ఉత్తరం రిజిస్ట్రార్‌గారి పేరున, మీ హెడ్ ద్వారా, డీన్‌గారి ద్వారా పంపండి. వైస్ చాన్సలర్‌గారికి ఒక కాపీ. కింద అందరి సంతకాలు, రిజిస్ట్రేషన్ నంబర్లు. తపాలు సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు (ఆఫీసుకి వచ్చిన కాగితానికి వేసే వరస నంబరు) వేయించుకోండి. ఇన్‌వర్డ్ పడని కాగితం ఏ ఆఫీసులోనైనా పుట్టనట్టే లెక్క. చివర ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: "ఈ లేఖ ప్రతిని వారి పర్సనల్ ఫైలులో ఉంచవలసిందిగా కోరుతున్నాము." ఈ వాక్యం లేకపోతే ఉత్తరం పేషీలో ఒక ఫోల్డర్లోకి పోతుంది. ఉంటే దాన్ని ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి పంపాలి, అక్కడి మనిషి చదివి ఫైల్లో కుట్టాలి. ఆ చదివే మనిషి సాయంత్రం క్యాంటీన్లో పదిమందికి చెప్తారు. మా ఉద్యోగాల్లో పేరు పాకేది అలాగే.

వాక్యాలు ఎలా ఉండాలో నమూనా కావాలంటే: "2023 మార్చిలో మాలో ముగ్గురి ఫెలోషిప్ సాంకేతిక కారణంతో రెండు నెలలు నిలిచిపోయినప్పుడు, వారు బ్యాంకుకూ యూజీసీకీ స్వయంగా లేఖలు తయారుచేసి, వారానికోసారి వాకబు చేసి, బకాయిలతో సహా విడుదలయ్యేలా చూశారు." ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు, చూడండి. అయినా చదివిన అధికారికి మనిషి విలువ తెలుస్తుంది. "మాతృమూర్తి", "దేవత" అని రాస్తే ఆయన కళ్ళు తర్వాతి పేరాలోకి జారిపోతాయి.

మీ ఊళ్ళో జనవరి 26, ఆగస్టు 15 జెండా పండగల్లో ఉత్తమ ఉద్యోగులకి ప్రశంసాపత్రాలు ఇవ్వడం చూసే ఉంటారు. కలెక్టరేట్లలో ఇచ్చినట్టే చాలా విశ్వవిద్యాలయాల్లోనూ ఇస్తారు. ఆ పేర్లు సెక్షన్ల నుంచి, విభాగాల నుంచి వెళ్తాయి. ఈ నాలుగు నెలల్లో ఆ రెండింట్లో ఏదైనా వస్తుంటే, మూడు వారాల ముందే మీ హెడ్‌ని కలిసి, ఇన్‌వర్డ్ పడిన ఉత్తరం కాపీ చేతికిచ్చి, పేరు పంపమని అడగండి. హెడ్‌లకి ఉద్దేశం ఉంటుంది గానీ రాయడానికి విషయం ఉండదు. మీ కాగితంతో ఆ పని తేలికవుతుంది.

ఉత్తరంలో ఏం రాయకూడదో చెప్పాలి. ఇది నా చేయి కాలిన విషయం.

అప్పటికి నేను సీనియర్ అసిస్టెంట్‌ని. థీసిస్ ఇవ్వడానికి ఆఖరి తేదీ. ఒక స్కాలరు ఎక్కడో బైండింగ్ షాపులో ఇరుక్కుని సాయంత్రం ఏడున్నరకి పరిగెత్తుకొచ్చాడు. ఆఫీసు వేళ ఐదింటికే అయిపోయింది. నేను కూర్చునే ఉన్నాను. తేదీ మారలేదు కదా అని తీసుకుని, ఆ తేదీ స్టాంపే వేశాను. డిగ్రీ వచ్చాక అతను కృతజ్ఞతతో వీసీగారికి ఉత్తరం రాశాడు, "ఆఫీసు మూసేసిన రెండున్నర గంటల తర్వాత కూడా నా థీసిస్ తీసుకున్న మహానుభావులు" అని. దాని కాపీ నోటీసు బోర్డు ఎక్కింది. అదే రోజు ఐదూ పదికి వస్తే మా పక్క సీటాయన వేళ దాటిందని తిప్పి పంపిన స్కాలరు ఇంకొకడున్నాడు, నాకు తెలియదు. అతను ఆ కాగితం చూశాడు. నాకో న్యాయం, వాడికో న్యాయమా అని ఫిర్యాదు పెట్టాడు. అతని కోపంలో తప్పు లేదు. నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాసుకున్నాను, "ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను" అనే మాటతో ముగిసింది. ముగిసేదాకా రెండు నెలలు ఇంట్లో అన్నం సయించలేదు. పొగిడిన అబ్బాయికి ఈ కథ తెలియదు, తర్వాత పెళ్ళికి కూడా పిలిచాడు.

అందుకని చెప్పేది: ఆవిడ నియమం దాటి చేసినవీ, వరస తప్పించి చేసినవీ, సెలవు రోజున తాళం తీయించి చేసినవీ ఉత్తరంలోకి రానివ్వకండి. "మా ఫైలు రెండు రోజుల్లో కదిలింది" అంటే ఇంకొకరిది రెండు నెలలు ఆగిందని అర్థం వస్తుంది. "ప్రొఫెసర్లకి తెలియని రూల్సు ఆవిడకి తెలుసు" అని అసలు రాయొద్దు. అది నిజమే కావచ్చు, కానీ ఆ ఉత్తరం ముందు చదివేది ప్రొఫెసరే. రాసింది పంపే ముందు ఆవిడకే ఒకసారి చూపించండి. "ఇది తీసెయ్యమ్మా" అని ఆవిడ చెప్పిన వాక్యం మారు మాట్లాడకుండా తీసేయండి, ఎందుకని అడక్కండి.

ఆవిడ ఒక్కరి గురించే రాయకండి. మీ మేడమ్‌కి ఇక ప్రమోషన్ లేదు, ఇంక్రిమెంట్ లేదు. ఆ ఉత్తరం ఆవిడకి సంతోషం, అంతే. అదే సెక్షన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని పోర్టల్ ఎంట్రీలు వేసే అమ్మాయో అబ్బాయో చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ వాళ్ళే ఉంటారు. మీ ఫెలోషిప్ మేకర్ ఎంట్రీ నిజంగా కొట్టేది ఆ చేతులే. వాళ్ళకి పర్సనల్ ఫైలు కూడా సరిగ్గా ఉండదు, ఏటేటా కాంట్రాక్టు గండం. "సూపరింటెండెంట్ మేడమ్ పర్యవేక్షణలో డేటా ఎంట్రీ ఆపరేటర్ ఫలానావారు" అని పేరుతో ఒక్క వాక్యం పడితే రెన్యువల్ అప్పుడు అది వాళ్ళకి చూపించుకోవడానికి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో మూడంతస్తులు ఎక్కి మీ ఫైలు మోసిన ఆఫీస్ సబార్డినేట్ పేరు కూడా రాయండి. నిజంగా మంచి సూపరింటెండెంట్ అయితే తన పేరు కంటే ఆ రెండు పేర్లు చూసి ఎక్కువ సంతోషిస్తారు. ఇంకో లాభం కూడా ఉంది: ఒక్కరినే ఆకాశానికెత్తితే మిగిలిన నాలుగు నెలలూ ఆవిడకి ఆ సెక్షన్‌లో కాఫీ చేదవుతుంది.

ఇక ఉంగరం. మీ ఫైలు ఇంకా ఆవిడ బల్ల మీద ఉంది. వైవా అవ్వాలి, ఫలితం రావాలి, ప్రొవిజనల్ (తాత్కాలిక డిగ్రీ పత్రం) రావాలి. ఆ మధ్యలో బంగారం చేతులు మారితే మీ మనసులో ఉన్నది కృతజ్ఞతే అని ఎవరికి చెప్పుకుంటారు? అవినీతి నిరోధక చట్టానికి 2018లో సవరణ వచ్చాక తీసుకున్నవాళ్ళతో పాటు ఇచ్చినవాళ్ళ మీదా నేరుగా సెక్షన్ ఉంది. ఏసీబీ దాకా పోతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కిట్టనివాళ్ళు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాస్తే చాలు, రిటైర్మెంట్ ముందు విచారణ అంటే పెన్షన్ కాగితాలు ఆగుతాయి. ముప్పై ఏళ్ళు మచ్చ లేకుండా చేసిన మనిషికి ఆఖరి నాలుగు నెలల్లో మీరు తెచ్చిపెట్టేది అదా?

కానుకల మీద నియమాలు విశ్వవిద్యాలయాన్ని బట్టి ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ప్రవర్తనా నియమావళిలో అయితే గ్రూప్ సి ఉద్యోగి 2,000 రూపాయలు, ఎ, బి గ్రూపుల వాళ్ళు 5,000 దాటిన కానుక అనుమతి లేకుండా తీసుకోకూడదు. అప్పుడప్పుడూ పెట్టే మామూలు భోజనం లాంటిది కానుక కిందికి రాదు. అదే నియమావళిలో సన్మానాల మీదా ఒక నియమం ఉంది, అది చాలామందికి తెలియదు: ఉద్యోగంలో ఉండగా తన గౌరవార్థం జరిగే సభకి వెళ్ళాలన్నా, సన్మానపత్రం తీసుకోవాలన్నా ముందు అనుమతి కావాలి. రిటైర్మెంటప్పుడో బదిలీ అప్పుడో ఆర్భాటం లేకుండా, సొంత మనుషుల మధ్య జరిగే వీడ్కోలుకి మాత్రం ఆ అడ్డు లేదు. మీది రాష్ట్ర విశ్వవిద్యాలయం కాబట్టి అక్కడ ఏది పాటిస్తారో ఎస్టాబ్లిష్‌మెంట్‌లో అడగండి. కానీ నేనైతే పై లెక్కనే కొలబద్దగా పెట్టుకుంటాను.

అందుకని ఇవ్వాలనుంటే రిటైరైన రోజు ఇవ్వండి. నెలాఖరు సాయంత్రం ఎలాగూ సెక్షన్‌లో చిన్న ఫంక్షన్ ఉంటుంది. చందా తలా వంద దాటొద్దు. వేయలేనివాళ్ళని అడగొద్దు, ఫెలోషిప్ లేని స్కాలరుకి వందా భారమే. ఒక మంచి కాటన్ చీర, పళ్ళు చాలు. అందరి ముందూ పెట్టండి, చాటుగా ఇంటికి తీసుకెళ్ళకండి. చాటు కానుకకి వంద అర్థాలు పుడతాయి.

థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ గురించి మీరు అడగలేదు గానీ, అది చాలామంది వదిలేసే అవకాశం. మీరు ఫైనల్ కాపీ ఇంకా ఇచ్చి ఉండరు, వైవా తర్వాత దిద్దుబాట్లతో ఇస్తారు. ఆ సాఫ్ట్ కాపీ గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భండారంలోకి వెళ్తుంది, అక్కడ ఎవరైనా తెరిచి చూడొచ్చు. మామూలుగా ఆ పేజీలో "మరియు కార్యాలయ సిబ్బందికి" అని ఆఖరున ఒక ముక్క తగిలిస్తారు. గైడుగారికి పేరా, అత్తమామలకి పేరా, సిబ్బందికి మూడు మాటలు. పేరు రాయండి. ఇనిషియల్‌తో, సరైన హోదాతో, స్పెల్లింగు ఆవిడనే అడిగి రాయండి. నా పేరు ఒక థీసిస్‌లో వేరే ఇంటిపేరుతో ఉంది, ఇంటర్నెట్ ఉన్నంతకాలం అది అలాగే ఉంటుంది. నా మనవడు కంప్యూటర్లో వెతికి చూపించి, "తాతా, ఇది నువ్వేనా?" అని అడిగాడు. నేనే అని చెప్పాను.

ఒక్క పనే చేయగలం, ఏది చేయమంటారు అంటే నేను వేరేది చెప్తాను. ఆవిడ వెళ్ళిపోగానే ఆ బల్ల దగ్గరికి ఎవరో కొత్తవాళ్ళు వస్తారు. బహుశా అకౌంట్స్ నుంచో, హాస్టల్ ఆఫీసు నుంచో బదిలీ మీద. ఏ ఫారానికి ఏ చలానా, ఏ కాగితం తర్వాత ఏ కాగితం, ఏ ఫైలు ఏ బీరువాలో, పోర్టల్ ఎన్నో తారీఖున తెరుచుకుంటుంది, ఇదంతా ఇప్పుడు ఆవిడ తలలోనే ఉంది. నేను ఆ సెక్షన్ నుంచి కదిలినప్పుడు నా తర్వాత వచ్చినాయన ఏడాది పాటు నాకు రోజూ ఫోన్ చేశాడు. ఆ ఏడాది స్కాలర్లు పడ్డ పాట్లు నాకు ఫోన్లోనే వినిపించేవి. మీలో ఇద్దరు, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఆవిడకి వీలున్న రోజుల్లో అరగంట కూర్చుని అడిగి రాసుకోండి. అడ్మిషన్ నుంచి ప్రొవిజనల్ దాకా, తెలుగులో, ముప్పై నలభై పేజీలు. ఎవరి వ్యక్తిగత వివరాలూ, పాస్‌వర్డులూ, రహస్య వ్యవహారాలూ అందులోకి రాకూడదు. పని విధానం మాత్రమే. డీన్‌గారికి చూపించి, ఆమోదం తీసుకుని, మొదటి పేజీలో ఆవిడ పేరు వేసి సెక్షన్‌లో ఒకటి, లైబ్రరీలో ఒకటి పెట్టండి. జిరాక్సుకీ స్పైరల్ బైండింగ్‌కీ కలిపి మీ ఉంగరం డబ్బులో పదో వంతు కూడా అవ్వదు.

మొదట ఆవిడ "నాకేం తెలుసమ్మా, అన్నీ రూల్సులో ఉన్నవే" అంటారు. మేమందరం అలాగే అంటాం. రెండో రోజు మళ్ళీ వెళ్ళండి.

వరస కావాలంటే ఇలా పెట్టుకోండి: వైవా అయి ఫలితం చేతికి వచ్చేదాకా నోరు మెదపకండి, ఈలోగా సంఘటనలు రాసి పెట్టుకోండి. ఫలితం వచ్చిన వారంలో ఉత్తరం. ఆ తర్వాత రెండు నెలలు ఆ నలభై పేజీల పని. ఆఖరి రోజు చీర. డబ్బు ఇప్పటికే వసూలు చేసి ఉంటే ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చేయండి, ఇంకోదానికి మళ్ళించకండి.

వైవా రోజు సంగతి ఒకటి మిగిలింది. సెమినార్ హాల్లో పరీక్షకుడు, డీను, గైడు, మీ స్నేహితులు అందరూ కూర్చుంటారు. సంతకాలు చేయించాల్సిన ఫైలు పట్టుకుని, రెమ్యునరేషన్ కాగితాలతో సెక్షన్ మనిషి గంటన్నర వరండాలో నిలబడతారు. వైవా ఓపెన్ కాబట్టి లోపల కూర్చోవడానికి అడ్డేమీ లేదు, అలవాటు లేదంతే. తొమ్మిదేళ్ళలో నన్ను లోపలికి పిలిచినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకతను చేపల చెరువుల నీటిలో ఉప్పు శాతం మీద మాట్లాడాడు, నాకు సగం అర్థమైంది, చాలా బాగుంది. మీరు ముందు రోజే గైడుగారితో ఒక మాట చెప్పి, వెనక వరసలో ఫ్యాన్ కింద మేడమ్‌కి ఒక కుర్చీ వేయించండి.